బరువు తగ్గించే ఆపరేషన్ అయ్యాక: ఇంటికొచ్చిన రోజు నుంచి రెండో ఏడాది దాకా

నెల్లూరు, కావలి వైపు వాళ్లు ఈ ఆపరేషన్‌కు ఎక్కువగా చెన్నై వెళ్తారు. ఒంగోలు, మార్కాపురం వాళ్లు విజయవాడకో హైదరాబాదుకో పోతారు. ఆపరేషన్ ఒకటి రెండు గంటల పని, ఆసుపత్రిలో ఉండేది రెండు మూడు రోజులు. ఆ తర్వాత కోలుకోవడమంతా మన ఇంట్లో, మన వంటగదిలో, మన చుట్టాల మధ్యే. ఆపరేషన్ చేసిన డాక్టరేమో వందల కిలోమీటర్ల అవతల ఉంటారు. మా వదినకు చేయించినప్పుడు దగ్గరుండి చూసుకున్నది నేనే. అప్పటి నుంచి తెలిసినవాళ్లలో ఎవరికి ఈ ఆపరేషన్ అయినా ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్లందరికీ ముందుగా చెప్పేది ఒకటే: ఆసుపత్రితో సంబంధం తెంచుకోవద్దు. కుట్లు మానాయి, బరువు తగ్గుతోంది, ఇంకా అంతదూరం ఎందుకులే అనుకుని మానేస్తే, రక్తహీనత, తిమ్మిర్లు, ఎముకల నొప్పులు మెల్లగా మొదలవుతాయి. అప్పటికి అవి ఆపరేషన్ వల్ల అన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

కింద రాసింది చాలా ఆసుపత్రులు పాటించే పద్ధతి. మీ సర్జన్ ఇచ్చిన చార్టుకూ దీనికీ తేడా ఉంటే చార్టునే పాటించండి.

ముందు, జరిగింది ఏ ఆపరేషనో తెలుసుకోండి

వినడానికి వింతగా ఉన్నా, "బరువు ఆపరేషన్" అని తప్ప పేరు తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది, చూసుకోండి. స్లీవ్ అయితే జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుస్తారు. పేగుల జోలికి పోరు. బైపాస్ అయితే పైన చిన్న సంచిలాంటి భాగం చేసి దాన్ని నేరుగా చిన్న పేగుకు కలుపుతారు. తిన్నది పేగులో మొదటి భాగాన్ని తాకకుండా వెళ్తుంది కాబట్టి ఐరన్, కాల్షియం, బి12 ఒంటికి పట్టడం బాగా తగ్గుతుంది. మినీ బైపాస్ కూడా ఈ కోవలోదే. స్లీవ్ వాళ్లకు గుండెమంట, పులితేన్పులు ఎక్కువ. బైపాస్ వాళ్లకు విటమిన్ల లోపం, తీపి తింటే వచ్చే ఇబ్బంది ఎక్కువ. మాత్రల మోతాదు కూడా దీన్నిబట్టే ఉంటుంది.

ఇంటికి ప్రయాణం, మొదటి రెండు వారాలు

చెన్నై నుంచి నెల్లూరుకు కారులో మూడు నాలుగు గంటలు. ఆపరేషన్ అయిన మొదటి నెలలో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, కదలకుండా కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది. అందుకని గంటకోసారి బండి ఆపి అయిదు నిమిషాలు నడిపించండి. కూర్చున్నప్పుడు కూడా పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. కాళ్లకు బిగుతు సాక్స్ ఇచ్చి ఉంటే తీయొద్దు. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇంటికి రాసిచ్చి ఉంటే, వేసేవాళ్లను ఊళ్లో ముందే మాట్లాడిపెట్టుకోండి.

ఇంటికొచ్చాక మంచానికి అతుక్కుపోకూడదు. మన ఇళ్లలో ఆపరేషన్ అంటే బాలింతలాగా కదలనివ్వరు. ఇక్కడ అది పనికిరాదు. మొదటి రోజు నుంచే ఇంట్లో, వరండాలో కొద్దికొద్దిగా నడవాలి, వారం వారం పెంచుకుంటూ పోవాలి. ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన బంతుల పరికరాన్ని చెప్పినన్నిసార్లు పీల్చాలి. బరువులు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తొద్దు: నీళ్ల క్యాను, గ్యాస్ బండ, చంటిపిల్లలు, ఏవీ వద్దు.

ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

కుట్టిన చోట లోపల లీకవడం అరుదే. కానీ అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. దాని తొలి గుర్తు చాలాసార్లు కడుపునొప్పి కాదు, గుండె వేగం. కోవిడ్ అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ బీరువాలో ఉంటే బయటికి తీసి, ఉదయం సాయంత్రం చూసి కాగితం మీద రాయండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి 120 దాటి తగ్గకపోయినా, 101 దాటిన జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరుగుతున్నా, ఎడమ భుజంలో కొత్తగా నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచినా, మలం నల్లగా తారులా వచ్చినా, నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా సర్జన్‌కు ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తలేదని కూర్చోవద్దు. 108కి చేసి, సీటీ స్కాన్ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికి బయల్దేరండి, దారిలో మళ్లీ ఫోన్ చేయొచ్చు. గ్యాస్ పట్టిందిలే అని ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

నీళ్లు: మన ఎండల్లో ఇదే పెద్ద పరీక్ష

రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోవాలి. కానీ గ్లాసెత్తి గటగటా తాగే రోజులు పోయాయి. మొదట్లో సిరప్ కొలిచే చిన్న కప్పు, అంటే 30 ఎం.ఎల్., పదిహేను నిమిషాలకోసారి గుక్క గుక్కగా చప్పరించాలి. పక్కన లీటరు సీసా పెట్టుకుని, మధ్యాహ్నానికి ఒకటి అయిందా అని చూసుకోవడం తేలిక. స్ట్రా వద్దు, గాలి మింగుతారు. సోడా, కూల్‌డ్రింకులు వద్దు.

ఏప్రిల్, మే నెలల్లో ఆపరేషన్ పెట్టుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా నీళ్లు చాలడం లేదని అర్థం. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్, పెసరకట్టు మంచివి. చెరకురసం, సుగంధి, పళ్లరసాలు తీపి కాబట్టి వద్దు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లవాళ్లు శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. కాల్షియం సరిగా పట్టని ఒంటికి ఆ నీళ్లు ఎముకల మీద ఇంకో దెబ్బ.

ఇంకో నియమం జీవితాంతం ఉంటుంది. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్న అరగంట తర్వాతే తాగాలి.

తిండి: మెట్టు దాటేసి పైకి ఎక్కొద్దు

మొదటి ఒకటి రెండు రోజులు తేట నీళ్లలాంటివే: వడకట్టిన సూపు, కొబ్బరినీళ్లు కొద్దిగా. ఆ తర్వాత రెండో వారం చివరిదాకా ద్రవాహారం: వెన్న తీసిన పాలు, మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, ప్రోటీన్ పౌడర్ కలిపిన పాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మిక్సీ పట్టినవి. అయిదు, ఆరు వారాల్లో చెంచాతో నలిగిపోయే మెత్తటివి. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక మామూలు తిండి, ఒక్కో కొత్త పదార్థం చొప్పున. లోపలి కుట్లు మానడానికి పట్టే సమయం ఇది. బయట గాయం మానింది కదా అని మూడో వారంలో అన్నం పెట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

మన ప్రాంతానికి చేపలు దొరకడం పెద్ద అదృష్టం. మెత్తటి తిండి దశ రాగానే కొరమీను, చందువ మొదలుపెట్టొచ్చు. ముక్కను ఆవిరి మీద ఉడికించి, ముల్లు తీసి, వేళ్లతో చిదిమి, చిటికెడు ఉప్పు, మిరియాలపొడి, రెండు చుక్కల నిమ్మరసం వేస్తే చాలు. మా వదినకు చిన్న గిన్నెలో రెండు చెంచాల చేప, పిల్లలకు పెట్టే బుల్లి చెంచా ఇచ్చేవాళ్లం. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఇరవై, ముప్పైసార్లు నమిలి, మింగాక చెంచా కింద పెట్టి ఒక నిమిషం ఆగాలి. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఇరవై నిమిషాలు. కడుపు నిండిన సంగతి ఇప్పుడు కడుపు చెప్పదు. ఎక్కిళ్లు వస్తాయి, లేదా ముక్కు కారుతుంది, లేదా రొమ్ము ఎముక కింద బిగబట్టినట్టు ఉంటుంది. ఏది ముందొస్తే అక్కడ ఆపాలి. ఆ తర్వాత ఇంకో చెంచా పెడితే వాంతే.

నెల్లూరు చేపల పులుసు గురించి అందరూ అడుగుతారు. చింతపండు, కారం, నూనె మొదటి రెండు నెలలు పడవు. ముఖ్యంగా స్లీవ్ వాళ్లకు ఛాతీలో మంట రేగుతుంది. తర్వాత మామిడికాయ పులుసులోని చేప ముక్క తీసుకుని, పులుసు విదిలించి, ముక్క ముందు తినండి. అన్నంలో కలుపుకుని తింటే అన్నంతోనే కడుపు నిండి ముక్క మిగిలిపోతుంది. నూనె తగ్గించి చేసిన సొరచేప పుట్టు మెత్తగా, ప్రోటీన్‌తో మంచి ఆహారమే. అయితే సొరచేపలో పాదరసం ఎక్కువ కాబట్టి రోజూ వద్దు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అసలు తినొద్దు. వేపుడు రొయ్యలు, మటన్ ముక్కలు, చపాతీ, బ్రెడ్, ముద్దకట్టిన అన్నం అడ్డం పడతాయి. ఇవన్నీ ఆఖర్న చూసుకోవచ్చు.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్

ఇది తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. అందుకే పళ్లెంలో ప్రోటీన్ ముందు, తర్వాత కూర, అన్నం ఆఖర్న. రాగిజావ మన ఇళ్లలో బలమని పోస్తారు. తప్పేం లేదు, కానీ దానిలో ప్రోటీన్ తక్కువ. జావతోనే కడుపు నింపితే అసలైనదానికి చోటుండదు.

రెండో నెల దాటాక ఒక రోజు ఇలా ఉండొచ్చు: పొద్దున ఒక కోడిగుడ్డు (6 గ్రాములు), పదకొండింటికి 200 ఎం.ఎల్. పాలలో ఒక స్కూప్ ప్రోటీన్ పౌడర్ (రెండూ కలిపి దాదాపు 30), మధ్యాహ్నం 60 గ్రాముల చేప (12), సాయంత్రం 50 గ్రాముల పనీర్ (9), రాత్రి చిన్న గిన్నె పెరుగు (3). మొత్తం 60. చూశారుగా, ఇంత జాగ్రత్తగా తింటేనే కనీసం దగ్గరికి వస్తాం. శాకాహారులు పెరుగును గుడ్డలో వడకట్టి గట్టిగా చేసుకోవచ్చు, మీల్‌మేకర్‌ను ఉడికించి మిక్సీ పట్టుకోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత ప్రోటీన్ తినాలో డాక్టరును అడగాలి.

తీపి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బైపాస్ అయినవాళ్లు మలై కాజా ఒకటి తింటే పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనాలు రావొచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ప్రాణాపాయం అరుదు, కానీ భయపెడుతుంది. ఇది మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

మాత్రలు జీవితాంతం

మల్టీవిటమిన్, బి12, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి, ఐరన్. వీటికి ముగింపు తేదీ లేదు. సాధారణంగా కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా ఇస్తారు. నెలసరి వచ్చే ఆడవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి, లేకపోతే ఒకదాన్ని ఇంకొకటి పట్టనివ్వదు. ఐరన్ వేసుకునే సమయంలో టీ, కాఫీ తాగొద్దు. మందుల షాపులో సిట్రేట్ లేదని కార్బొనేట్ ఇస్తే తీసుకోవద్దు. జీర్ణాశయంలో ఆమ్లం తగ్గినవాళ్లకు సిట్రేటే బాగా పడుతుంది.

బి1, అంటే థయమిన్, గురించి తెలిసినవాళ్లు తక్కువ. రోజుల తరబడి వాంతులవుతుంటే ఇది వేగంగా అడుగంటిపోతుంది. అప్పుడు చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాటలు తడబడటం, మతిమరుపు వస్తాయి. ఆలస్యమైతే మెదడు దెబ్బ శాశ్వతంగా మిగిలిపోవచ్చు. నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. అందుకే "బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని గట్టిగా చెప్పండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

షుగర్, బీపీ మందులు పాత మోతాదులో వేసుకోవద్దు. ఆపరేషన్ అయిన కొద్దిరోజుల్లోనే షుగర్ తగ్గడం మొదలవుతుంది. పాత ఇన్సులిన్ అలాగే వేస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. గ్లూకోమీటర్ రీడింగులు రాసి డాక్టరుకు వాట్సాప్‌లో పంపండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు తిండి బాగా తగ్గినప్పుడు ప్రమాదకరం, అడగకుండా మళ్లీ మొదలుపెట్టొద్దు. పిత్తాశయంలో రాళ్లు రాకుండా చాలామందికి ఆరునెలలు అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ రాస్తారు, మధ్యలో ఆపొద్దు. నిద్రలో సీప్యాప్ మెషిన్ వాడేవాళ్లు బరువు తగ్గిందని వాళ్లంతట వాళ్లే తీసేయకూడదు.

నొప్పి ఇంజెక్షన్, సిగరెట్, మద్యం

మోకాళ్ల నొప్పికో నడుం నొప్పికో ఊరి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ పొడిపించుకోవడం మనకు అలవాటు. ఆపరేషన్ అయ్యాక, అందులోనూ బైపాస్ అయితే, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ ఏ రూపంలోనూ వద్దు. అతుకు దగ్గర పుండు పడి రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి. సిగరెట్ కూడా ఆ పుండుకు కారణమే. మద్యం మునుపటికన్నా త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. తిండి మీది యావ మద్యం మీదికి మళ్లినవాళ్లూ ఉన్నారు. మొదటి ఏడాది ముట్టకపోవడమే మంచిది.

జుట్టు రాలినా, బరువు ఆగినా

మూడో నెల నుంచి దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వస్తుంది. ఆడవాళ్లు దీనికే ఎక్కువ ఏడుస్తారు. వేగంగా బరువు తగ్గినందుకు ఒంటి స్పందన అది, ప్రోటీన్, ఐరన్ సరిగా ఉంటే సాధారణంగా కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. తొమ్మిది నెలలైనా ఆగకపోతే రక్తపరీక్ష చేయించాలి.

మూడు, నాలుగు వారాలప్పుడు బరువు ఉన్నచోటే ఆగడం కూడా మామూలే. టెన్షన్ పడి తిండి ఇంకా తగ్గించొద్దు. వారానికోసారి, ఒకే సమయంలో చూసుకుంటే చాలు. బరువు తగ్గడం ఎక్కువగా ఏడాది, ఏడాదిన్నర దాకా సాగుతుంది. తర్వాత కాస్త పెరగడం చాలామందిలో ఉంటుంది. రెండు నెలల తర్వాత కండ నిలవడానికి వారంలో రెండు మూడుసార్లు డంబెల్స్‌తోనో, రబ్బరు బ్యాండుతోనో కసరత్తు చేయాలి. ఉత్త నడక సరిపోదు.

చుట్టాలు, పెళ్లిళ్లు, ఉపవాసాలు

"ఏందే, పిట్టలాగా తింటా ఉండావు? ఇట్టాగైతే ఎట్టా బతుకుతావు?" అని వదినను మా పెద్దమ్మ రోజూ అడిగేది. ప్రేమతో పెట్టే ఒక్క ముద్దే మనిషిని బాత్రూంలోకి పరుగెత్తిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి ఆహార నిపుణురాలితో వీడియో కాల్‌లో మాట్లాడించండి. మనం వందసార్లు చెప్పినదానికన్నా అది బాగా పనిచేస్తుంది. పెళ్లిలో బంతికి కూర్చోకుండా బఫేలో చిన్న ప్లేటు తీసుకుని కోడిగుడ్డో చికెనో రెండు ముక్కలు పెట్టుకోండి. "జబ్బు చేసిందా, మొహం పీక్కుపోయింది" అనేవాళ్లకు మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ అలాంటి మాటలతో నిద్ర పట్టకపోయినా, ఏ పనిమీదా మనసు నిలవకపోయినా దాచుకోకండి, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

మొదటి ఏడాది రంజాన్ ఉపవాసం, కార్తీక సోమవారాలు, మాల వేసుకుని ఒంటిపూట భోజనం వద్దు. రెండు లీటర్ల నీళ్లు, 60 గ్రాముల ప్రోటీన్ ఒక పూటలో పట్టవు. దేవుడికి వచ్చే ఏడాది మొక్కు తీర్చుకోవచ్చు.

పిల్లలు కావాలనుకునేవాళ్లకు

బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, పీసీఓడీ ఉన్నవాళ్లలో కూడా. కానీ 12 నుంచి 18 నెలల దాకా ఆగాలి, లేకపోతే తల్లికీ బిడ్డకూ పోషణ చాలదు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టును అడగండి. గర్భం వచ్చాక షుగర్ కోసం గ్లూకోజ్ నీళ్లు తాగించే పరీక్ష బైపాస్ వాళ్లకు డంపింగ్ తెస్తుంది, ఆపరేషన్ సంగతి ముందే చెప్పాలి.

పరీక్షలు, పర్సులో కార్డు

మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, లివర్, కిడ్నీ పరీక్షలు, షుగర్ ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ. రక్తం ఒంగోలులోనో నెల్లూరులోనో ఇవ్వొచ్చు, రిపోర్టులు సర్జన్‌కు పంపి ఫోన్‌లో మాట్లాడొచ్చు. ప్రతిసారీ ప్రయాణం అక్కర్లేదు. అన్ని రిపోర్టులూ తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టండి.

ఒక చిన్న కార్డు రాసి, లామినేషన్ చేయించి పర్సులో ఉంచుకోండి. ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోన్ నంబరు. బైపాస్ అయితే "కడుపు బైపాస్, గుండెది కాదు" అని స్పష్టంగా రాయండి, అత్యవసర సమయంలో ఇంట్లోవాళ్లు "బైపాస్ అయింది" అంటే డాక్టర్లు ఈసీజీ వైపు పరుగెత్తే ప్రమాదం ఉంది. దాని కింద మూడు వాక్యాలు: డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఇవ్వొద్దు. ముక్కులోంచి గొట్టం గుడ్డిగా వేయొద్దు. వాంతులతో వస్తే గ్లూకోజ్ కన్నా ముందు థయమిన్ ఇవ్వండి. వెనకవైపు ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు, మోతాదులు. మందు మారినప్పుడల్లా కార్డు కూడా మార్చండి.